పొగలు కక్కే దిబ్బ

ఒకానొక కొండ రాజ్యంలో, దాని పేరు చెప్పగలిగినవాళ్ళు ఇప్పుడెవరూ లేరు, రణకేతు మహారాజు ఏలేవాడు. ఆయనకి తన తోటంటే ప్రాణం. తన మాటంటే అంతకన్నా ప్రాణం.

ఒక ఉదయం తోటలో పాలు తాగుతుంటే ఎండుటాకొకటి వచ్చి గిన్నెలో పడింది. విసుగ్గా లేచేసరికి జరీ పాపోసులకి బురద అంటింది. అంతే, శాసనం పుట్టింది.

"నా తోటలో ప్రాణమున్నవే ఉండాలి! ఎండాకులు, కుళ్ళు, మట్టి, అన్నీ కోటగోడ అవతల పోయండి!"

తోట చూసేది గవరమ్మ. నలభై ఏళ్ళుగా కోటలోని అమ్మవారికి రోజూ దండ కట్టిచ్చే మనిషి.

"మట్టి తీసేస్తే ఎలాగ దొరా?" అని నసిగింది.

"తెల్లటి ఏటి ఇసుక పోయించు. నీళ్ళు పొయ్యి. చెట్టుకి ఇంకేం కావాలి?"

ఆమె తవ్వించింది, ఊడ్పించింది, పోయించింది.

మొదట కీచురాళ్ళు ఆగిపోయాయి. తరవాత పురుగులు ఏరుకునే పిట్టలు రావడం మానేశాయి. పూలు తగ్గాక తేనెటీగలూ అంతే. రెండు నెలలకి తోటలో పట్టపగలు కూడా చప్పుడన్నది లేదు. నడుస్తుంటే తన అడుగే వెనకనుంచి ఎవరో వస్తున్నట్టు వినపడేది. గవరమ్మ ఎన్నిసార్లు తిరిగి చూసిందో. అమ్మవారి దండ రోజురోజుకీ పలచనైంది.

గోడ అవతల పోసిన ఆకుల దిబ్బ మాత్రం తెల్లవారేసరికి పొగలు కక్కేది. నిప్పు లేదు, మనిషి లేడు. లోపల ఏదో మెల్లగా నములుతున్న చప్పుడు. కావలివాళ్ళు ఆ వైపు బురుజుకి పోవడం మానేశారు.

రాజు ఒకసారి చూసి పాలిపోయాడు. ఆస్థాన మాంత్రికుడు ఉగ్రపాదుడు అంజనం వేసి తేల్చాడు. "తోటని తినేసిన దయ్యం ఆ దిబ్బలో ఉంది ప్రభూ. పెట్టింది ఈ ముసలిదే."

"రేపు సభకి ఆ దయ్యాన్ని పట్టి తే," అన్నాడు రాజు గవరమ్మతో. "తేలేదా, నీ తల తెప్పిస్తాను."

తెల్లారగానే గవరమ్మ దిబ్బ దగ్గర నిలబడింది. పొగ ఆమె చీర కుచ్చిళ్ళ చుట్టూ తిరిగింది. "తల్లీ, నీకు దండ కట్టిన చెయ్యి," అనుకుని మోచేతి దాకా లోపలికి పెట్టింది.

జ్వరం వచ్చిన పిల్ల నుదురంత వెచ్చగా ఉంది. వేళ్ళ మీదుగా ఏదో చల్లగా జారిపోయింది.

చెయ్యి తియ్యకుండా కాసేపు అక్కడే కూర్చుంది. లేచేసరికి ఆమె మొహంలో భయం లేదు. కుండ నింపి, గుడ్డ కప్పి, గుండెకి హత్తుకుని సభకి నడిచింది.

"తెచ్చావా?"

"తెచ్చాను దొరా. ఇది ప్రాణమున్నదో లేనిదో తమరే తేల్చాలి. లేనిదైతే అవతల పారేయించండి, నా తలతో సహా. ఉన్నదైతే తమ శాసనం ప్రకారం తోటలోనే ఉండాలి."

"ఉగ్రపాదా, ముందు నువ్వు చెయ్యి పెట్టు."

ఉగ్రపాదుడు రెండడుగులు వెనక్కి వేశాడు. "నాకివాళ ఉపవాసం ప్రభూ!"

తప్పక రాజే గుడ్డ కిందికి చెయ్యి దూర్చాడు.

"వెచ్చగా ఉంది... తడిగా ఉంది... అమ్మో, కదులుతోంది! ప్రాణముంది, ప్రాణముంది!" అంటూ చెయ్యి లాక్కున్నాడు. వేలికి ఉంగరం లేదు.

గవరమ్మ గుడ్డ తీసింది. నల్లటి మట్టి, సగం కుళ్ళిన ఆకులు, వాటి మధ్య రాజుగారి ఉంగరాన్ని చుట్టుకుని ఒక వానపాము.

"ఇది ఉత్త మట్టి కదటే!"

"మట్టే దొరా. తమ పాలలో పడిన ఆకూ ఇందులోనే ఎక్కడో ఉంటుంది. చచ్చిన ఆకుని పురుగు తింటుంది. అది తిని విడిచినదాన్ని నీళ్ళతో కలిపి చెట్టు తాగుతుంది. ఎక్కడ ప్రాణం ఆగి ఎక్కడ మళ్ళీ మొదలవుతుందో నాకు తెలీదు. ఆ తినే పనికే దిబ్బ వేడెక్కింది. తమరు చూసిన పొగ దాని ఊపిరి."

"మాటలు! ప్రాణం లేనిది లేనిదే!"

"చిత్తం. గాలికీ ప్రాణం లేదు కదా దొరా. తమరు దాన్ని లోపలికి తీసుకుంటూనే ఉన్నారు. శాసనం దానికీ అమలు చెయ్యమంటారా?"

రాజు పీల్చబోయిన గాలి సగంలో ఆగింది. మొహం ఎర్రబడింది, కళ్ళు తేలాయి. ఇక పట్టలేక భళ్ళున నవ్వేశాడు. సభంతా నవ్వింది.

"ఉంగరం నీకే గవరమ్మా. వానపాము మాత్రం నాది. తోటలో వదిలిపెట్టు."

ఆ దిబ్బంతా గంపల్తో మోసి తోటలోకి చేర్చింది ఎవరనుకున్నారు? ఉపవాసం ఉన్న ఉగ్రపాదుడే.

వానలు పడ్డాక అమ్మవారి దండ మళ్ళీ బరువెక్కింది. రాజు మాత్రం తెల్లవారుతూనే తోటలో పొగ లేచే మూలకి వస్తే, పాపోసులు విడిచి నడిచేవాడట. కింద ఎవరో మేలుకుని ఉన్నట్టు, మెల్లగా.