పంటిగాటు పడిన పట్టపు కారు

అనగనగా, ఏనుగుల కాలం పూర్తిగా పోక, కార్ల కాలం సరిగ్గా రాక, రాజులంతా రెంటి మధ్యా ఊగుతున్న రోజుల్లో, గవ్వలకోట అనే చిన్న సంస్థానం ఉండేది. దాన్ని విశ్వంభర రాజు ఏలేవాడు. ఆయనకు సైన్యం లేదు. సింహాసనానికి ఒక కోడు కుంటిది. కానీ ఒక కారు ఉంది.

మామూలు కారా అది! ఆయన తండ్రి కాలంలో పెద్ద చక్రవర్తిగారు సముద్రాల అవతలి నుంచి ఒకే పోలికవి రెండు కార్లు తెప్పించి, ఒకటి గవ్వలకోటకు, ఇంకొకటి ఏటికి ఎగువనున్న తళుకుపాడుకు బహుమానంగా పంపారు. వెండి దీపాలు, దంతపు పిడులు, కూర్చుంటే లేవబుద్ధి కాని తోలు సీట్లు!

గవ్వలకోటలో అప్పటివరకూ రాజవాహనమంటే ఏనుగే. అందుకని విశ్వంభర రాజు తండ్రి కారును ఏనుగుశాలలో పెట్టించి, మావటి పైడయ్యకు అప్పగించాడు. పైడయ్య తనకు తెలిసిన మర్యాదలన్నీ దానికి చేశాడు. పొద్దున్నే ఏటికి తోలుకెళ్లి పీచుతో తోమి స్నానం చేయించాడు. ముందు చెరకుగడలు వేశాడు. నుదుట నామం దిద్దాడు. ఒకరోజు అది మొరాయిస్తే, దీపం వెనకాల చెవి ఉంటుందనుకుని అంకుశంతో ఒక్క పోటు పొడిచాడు. కారు కదల్లేదు గాని చిల్లు మాత్రం పడింది.

రోజూ ఏటి స్నానాలు చేసిన కారు తుప్పు పట్టక ఏం చేస్తుంది? విశ్వంభర రాజు గద్దెక్కేనాటికి రంగు వెలిసింది. సీట్లు చిరిగాయి. వెనక సీట్లో ఒక కోడి పొదుగుతూ కూర్చుంది. ఎద్దులను కడితే తప్ప బండి కదలదు. అయినా రాజు దాని మీద ఎవరినీ చెయ్యి వెయ్యనిచ్చేవాడు కాదు.

"దీని మీద ప్రతి సొట్టకూ ఒక కథ చెప్పి మా నాన్న నన్ను నిద్రపుచ్చేవాడు. సొట్ట తీసేస్తే కథ ఎక్కడుంటుంది?" అనేవాడు.

"మరి ఆ కోడిని తీసేస్తే ఏ కథ పోతుందండీ?" అని అడిగేది రాణి అచ్చయ్యమ్మ.

తళుకుపాడు రాజు భుజంగరాయలి తీరు వేరు. ఆయన ఏటేటా కారుకు కొత్త రంగు వేయించాడు. సీట్లు మార్చాడు, తలుపులు మార్చాడు, చక్రాలు మార్చాడు. పాత మేకు ఒక్కటి మిగలనివ్వలేదు. తీసిందంతా కోట వెనక పెంటకుప్ప మీద పారేయించాడు. దారిలో విశ్వంభర రాజు ఎదురైతే చాలు, "ఏం బావగారూ, మీ కారు ఇంకా బతికే ఉందా? దినానికి కబురు పంపండి, వస్తాను" అనేవాడు.

వేళాకోళంతో ఆగితే బాగుండేది. ఆ ఏడు కారును కడగడానికని ఒక కొలను తవ్వించి, ఏటి తూము మూసి నీళ్లన్నీ అందులోకి మళ్లించాడు. ఆ ఏడే వానలు ముఖం చాటేశాయి. దిగువన గవ్వలకోటలో వరినారు పసుపుబారింది. విశ్వంభర రాజు స్వయంగా వెళ్లి తూము తెరవమని బతిమాలాడు.

"నా కారు స్నానమయ్యాక మిగిలితే చూద్దాం బావగారూ," అన్నాడు భుజంగరాయలు, మీసం దువ్వుకుంటూ.

అంతలో రాజధాని నుంచి దండోరా వచ్చింది. ఇప్పటి చక్రవర్తి పుట్టింది కోటలో కాదట. రాజమాత నిండు చూలాలిగా ప్రయాణమై వస్తుంటే జడివానలో పల్లకి దిగబడింది. ఆ రెండు కార్లలో ఒకటి కబురందుకుని వచ్చి ఆమెను ఎక్కించుకుంది. దాని వెనక సీట్లోనే చక్రవర్తి కెవ్వుమన్నాడు. ఆ నొప్పుల్లో అది ఎవరి కారో ఆమె చూసుకోలేదు. కన్ను మూసేలోగా ఆ సీటు ఒక్కసారి చూడాలని, దాన్ని కాపాడినవారికి ఒక వరమివ్వాలని ఇప్పుడామె కోరిక. అందుకని రెండు కార్లనూ ఫలానా రోజుకి రాజధానికి తేవాలని ఆజ్ఞ.

"మనదేనని చెప్పండి! తూము అడగండి!" అంది అచ్చయ్యమ్మ. రాజు ఎద్దులను కట్టమని పైడయ్యతో చెప్పాడు.

చెప్పిన రోజుకి భుజంగరాయలి కారు ఝామ్మని చక్రవర్తి కోట ముంగిట ఆగింది. ఎంత మెరుస్తోందంటే, కాకులు వచ్చి అందులో ముఖం చూసుకుంటున్నాయి. మధ్యాహ్నం దాటాక గవ్వలకోట కారు వచ్చింది. ముందు ఎద్దులు, పక్కన "పద తల్లీ, పద" అంటూ ముసలి పైడయ్య, వెనక సీట్లో కోడి, వెనకాల నడుస్తూ రాజూ రాణీ. ముంగిలంతా గొల్లుమంది.

రాజమాత కర్ర ఊతంగా దిగివచ్చి, మొదట మెరిసే కారులోకి తొంగి చూసింది.

"ఇది నిన్న పుట్టిన కారులా ఉంది నాయనా. నా కొడుక్కి మీసాలు నెరుస్తున్నాయి," అని రెండో కారు దగ్గరికి నడిచింది. తలుపు మీది గీతలు తడిమి, ఇవేమిటని అడిగింది.

"పులి అనండి, పులి!" అని గొణిగింది అచ్చయ్యమ్మ.

"మా రాణిగారి మేక, తల్లీ," అన్నాడు రాజు.

"మరి ఈ చిల్లు?"

"తుపాకీ గుండు అనండి! యుద్ధం!"

"మా మావటి అంకుశం, తల్లీ. చెవి అనుకున్నాడు."

రాజమాత ముసిముసిగా నవ్వుతూ లోపలికి వంగింది. వంగినామె అలాగే ఉండిపోయింది. తలుపు పక్కనున్న తోలుపట్టీ మీద ఒక పంటిగాటు ఉంది. నడుమ పన్ను పట్టేంత సందు ఉంది.

"ఇదే!" అంది పట్టీని పట్టుకుని. "నొప్పులు తాళలేక తలుపు పక్క తోలు కొరికాను. అప్పటికే నాకు ముందు పన్ను లేదు. ఇదిగో, ఆ సందు!"

మేళాలు మోగాయి. చక్రవర్తి ముందుకొచ్చి, "రాజా, ఏం కావాలో కోరుకో," అన్నాడు.

విశ్వంభర రాజు కళ్ల ముందు పసుపుబారిన నారు కదిలింది. పక్కన అచ్చయ్యమ్మ ఆనందంతో కళ్లు ఒత్తుకుంటోంది. అబద్ధం ఆడక్కర్లేదు, ఊరుకుంటే చాలు. ఊరు బతుకుతుంది. ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది.

"తల్లీ, ఆ గాటు నాది," అన్నాడు.

మేళాలు ఆగిపోయాయి.

"పాలపన్ను ఊడిన వయసులో, మా నాన్న నన్ను తీర్థానికి తీసుకెళ్లలేదని కోపమొచ్చి కొరికాను. మీకు నొప్పులొచ్చిన రోజు మా కారు ఏట్లో స్నానం చేస్తోందట. తడి ఒంటితో తెస్తే దానికి జలుబు చేస్తుందని పైడయ్య పంపలేదట. మిమ్మల్ని ఆదుకున్నది తళుకుపాడు కారే. మా నాన్న ఎన్నోసార్లు చెప్పాడు."

అచ్చయ్యమ్మ నెత్తిన చేతులు పెట్టుకుని నేల మీద కూలబడింది. రాజమాత గాటును వేలితో కొలిచి చూసింది. నిజమే, చిన్నపిల్లవాడి నోరే.

భుజంగరాయలు ఎగిరి గంతేశాడు. తండ్రి చెప్పే కథలు వినే ఓపిక ఏనాడూ లేనివాడు కాబట్టి, ఆ సంగతి అతనికీ అప్పుడే తెలిసింది. "విన్నారా! నా కారే! ఏరంతా నా పేర రాసివ్వండి!"

"అలాగే నాయనా. మరి నా గాటు చూపించు," అంది రాజమాత.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, భుజంగరాయలు పెంటకుప్ప దగ్గరికి గుర్రాలను పరిగెత్తించాడు. సాయంత్రానికి భటులు ఒక తోలుముక్క తెచ్చారు. దాని మీద ఒక గాటు కాదు, ఎక్కడ చూసినా గాట్లే. కోట కుక్కలు ఇన్నాళ్లూ దాంతోనే ఆడుకున్నాయి.

"ఇందులో మా అమ్మ గాటు ఏది, మీ కుక్క గాటు ఏది?" అని అడిగాడు చక్రవర్తి.

అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. రాజమాత మాత్రం నవ్వలేదు. ఆ తోలుముక్కను ఒళ్లో పెట్టుకుని కాసేపు నిమిరింది.

"భుజంగరాయలూ, నా బిడ్డ పుట్టిన చోటును మెరుపు కోసం కుప్పలో వేశావు. నీ చేతికి ఏరు ఇస్తే అదీ అక్కడికే చేరుతుంది. విశ్వంభరా, నీ నారు ఎండుతోందని నేను ముందే విన్నాను. అయినా నువ్వు నిజం దాచి ఊరుకోలేదు. ఎగువకూ దిగువకూ సమంగా నీళ్లు వదలాలంటే తూము నీలాంటివాడి చేతిలోనే ఉండాలి. ఈ రోజు నుంచి దాని కాపలా గవ్వలకోటదే."

తూము తెరిచారు. నారు పచ్చబడింది. భుజంగరాయలి పొలాలకూ రావలసిన నీళ్లు వచ్చాయి, కొలనుకు మాత్రం రాలేదు. వెనక సీట్లో కోడి పిల్లల్ని లేపింది. పైడయ్య కారుకు చెరకుగడలు వేసి, దిష్టి తీశాడు.

అచ్చయ్యమ్మకు మాత్రం ఒక్క కోపం మిగిలిపోయింది. "నిజం చెప్తే చెప్పారు గాని, నా మేక సంగతి అంతమంది ముందు చెప్పాలా?"

పై మెరుగును చూసి లోకం మెచ్చుకోవచ్చు గాని, నమ్మేది మాత్రం నష్టమొస్తుందని తెలిసీ నిజం చెప్పినవాణ్ణే.