మంచం దిగిన స్వామి

సుంకన్న పరుగున వచ్చి గురువు కాశయ్య స్వామి కాళ్ల దగ్గర కూలబడ్డాడు. ముఖంలో కత్తివేటుకు నెత్తుటి చుక్క లేదు.

పెళ్లాం లింగమ్మను తీసుకుని అత్తగారింటికి పోయాడు, నాలుగు రోజులు ఉండి వద్దామని. పెళ్లయి ఇన్నేళ్లయినా లింగమ్మ కడుపు పండలేదు. ఆ దిగులుతోనే మామ ఒక మాట అన్నాడు: "అల్లుడా, రేపు నువ్వు పరాయిపిల్లను తెచ్చుకుంటే మా బిడ్డ గతేం కావాల? మా చిన్నదాన్నే చేసుకో. అక్కాచెల్లెళ్లు ఒక్కింట్లోనే ఉంటారు."

"నువ్వేమన్నావురా?" అడిగాడు కాశయ్య స్వామి.

"పెద్దోళ్లు, మీరెట్లంటే అట్ల అంటి స్వామీ."

అత్తవారింట్లో అల్లుడి మర్యాద అది. మామ ఏమన్నా తలొంచుకుని ఆ మాట అనేయడమే. ఆ తర్వాత చేసేది చేస్తాడు, మానేది మానుతాడు. ఈసారి మామ దాన్నే గట్టిగా పట్టుకుని, ముహూర్తం పెట్టించే పనిలో పడ్డాడు.

"మరి లింగమ్మ?"

"నా ముఖం చూడ్డంలేదు స్వామీ. నాకు లింగమ్మ తప్ప ఎవరూ వద్దు. కానీ మామకు ఎదురుచెప్పే నోరు నాకు లేదు. మీరొచ్చి ఒక్క మాట చెప్పండి. మీ మాట ఆయన తీసెయ్యడు."

స్వామి చేతికట్టె పట్టుకుని లేచాడు. పక్క ఊరే. దారిలో సుంకన్నకు ప్రాణం కుదుటపడింది. హమ్మయ్య, ఇక పెద్దాయన చూసుకుంటాడు!

మామ ఎదురొచ్చి, కాళ్లకు నీళ్లిచ్చి, వసారాలో నులకమంచం వాల్చాడు. గురువునూ అల్లుణ్ణీ దానిమీద కూర్చోబెట్టి తాను కింద కూర్చున్నాడు. అత్త గుంజకు ఆనుకుని నిలబడింది. వంటింటి గడప దగ్గర లింగమ్మ నేలమీద కూర్చుని అనపకాయలు ఒలుస్తోంది. తలెత్తలేదు.

"ఏం పనిమీద వచ్చినారు స్వామీ?" అన్నాడు మామ.

సుంకన్న ఆశగా గురువు వైపు చూశాడు.

స్వామి మంచం దిగి, మెల్లగా పోయి లింగమ్మ పక్కన చతికిలబడ్డాడు. చేటలోంచి గుప్పెడు కాయలు తీసుకుని ఒలవసాగాడు.

"అయ్యో స్వామీ, కటికనేల మీద కూచుంటిరే!" అత్త నోరు నొక్కుకుంది. మామ గాభరాగా లేచి నిలబడ్డాడు. స్వామి ఒలుస్తూనే ఉన్నాడు.

అంత మంచం మీద సుంకన్న ఒక్కడే మిగిలాడు. సిగ్గుతో చచ్చిపోయాడు. తన పెళ్లాం కోసం తాను అనాల్సిన మాటకు ఈ ముసలాయన్ని ఎండలో పక్క ఊరి నుంచి నడిపించాడా!

లేచాడు. పెద్దవాళ్ల ఎదుట అల్లుడు పెళ్లాం పక్కన కూర్చోవడం ఆ ఊళ్లో ఎవరూ కనీ వినీ ఎరగరు. అయినా పోయి లింగమ్మకు ఇవతలి పక్కన కూర్చున్నాడు.

"లెయ్యి, నాయిన చూస్తాండాడు," అంది లింగమ్మ గుసగుసగా.

"చూడనీ." అప్పుడు గొంతు పెంచాడు. "మామా, పెళ్లి మాట ఇంక ఎత్తొద్దు. బిడ్డలు పుట్టినా పుట్టకున్నా, నాకు లింగమ్మే."

తలుపు చాటునుంచి "అమ్మయ్య!" అని చెల్లెలి గొంతు వినిపించింది. లింగమ్మ కళ్లలోంచి నీళ్లు టపటపా రాలాయి. కొంగుతో తుడుచుకుంటూ, ఇన్నాళ్లకు మొగుడి ముఖం చూసింది.

స్వామి చేటను తన వైపు లాక్కున్నాడు.

"ఇటు జరుగు తల్లీ, నీ మొగుడికి చోటు చాలడంలేదు," అన్నాడు.