ఇప్పలకోనలో పుంజుల ఫొటో

ఇప్పలకోన అనే అడవిలో కుందేళ్ళు, ముళ్ళపందులు, అడవికోళ్ళు, గుర్రమంత ఎత్తుండే మనుబోతులు కలిసిమెలిసి బతికేవి. అక్కడే గంతన్న అనే కోతి ఉండేది. విహారానికి వచ్చిన వాళ్ళు మరచిపోయిన కెమెరా ఒకటి దానికి దొరికింది. ఇక దాన్ని పట్టగలమా?

పూలను తీసింది, పిట్టలను తీసింది. ఎవరూ పట్టించుకోలేదు. ఒకరోజు కెంపు, పసిమి అనే రెండు పుంజులు తగవులాడుకుంటే ఫొటో తీసింది. దాన్ని చూడటానికి అడవంతా ఎగబడింది. ఆ మెప్పు గంతన్న తలకెక్కింది.

మర్నాడు కావాలనే ఆ రెంటి మధ్య గింజలు చల్లింది. పుంజులు కలబడ్డాయి. అడవికోళ్ళ తగవు ఎంతసేపు? ఓడినది పొదలోకి తప్పుకుంటే అంతటితో సరి. కెంపు అలాగే తప్పుకోబోయింది.

"పారిపోతే ఫొటోలో నీ పరువేం కాను? ఇంకోసారి దూకు" అంది గంతన్న.

పాపం, కెంపు నమ్మి వెనక్కి వచ్చింది. మళ్ళీ తన్నులు తింది. రొమ్ము మీద నెత్తురు కారింది. చుట్టూ చేరిన కుందేళ్ళు చప్పట్లు కొట్టాయి.

"ఇంకొక్కటి" అంటూ గంతన్న కెమెరాలోంచి కళ్ళు తీయకుండా వెనక్కి జరిగింది. వెనక లోయ ఉంది. కెమెరా గట్టున పడింది. గంతన్న జారి ఒక తీగ పట్టుకుని వేలాడింది. తీగ తెగేలా ఉంది.

"భలే ఉంది, కదలకు" అని ఒక ముళ్ళపంది ఆ కెమెరాతోనే ఫొటో తీసింది. మిగతావి నవ్వుతూ చూశాయి.

కెంపు మాత్రం ఆ గాయంతోనే పరుగెత్తి మనుబోతు అవ్వను పిలుచుకొచ్చింది. అవ్వ మెడ కిందికి వంచింది. గంతన్న దాన్ని కరచుకుని పైకి వచ్చింది.

కెమెరా అందుకుని ఫొటో చూసుకుంది. అందులో తన కళ్ళ నిండా ప్రాణభయం. దానికి ముందు తాను తీసిన ఫొటో చూసింది. కెంపు కళ్ళలోనూ అదే భయం. తీసినప్పుడు అది తనకు కనబడనే లేదు.

"నిన్ను అంతలా ఏడిపించాను కదా, నన్నెందుకు కాపాడావు?" అని అడిగింది.

"నువ్వు చచ్చిపోతుంటే చూస్తూ ఎలా నిలబడను?" అంది కెంపు.

గంతన్నకు ఏడుపు ఆగలేదు. గడ్డిచేమంతి ఆకు నలిపి కెంపు గాయానికి పసరు రాసింది. "నీ దయవల్లే బతికాను తమ్ముడూ" అని పదే పదే చెప్పుకుంది.

ఆ తర్వాత ఎవరు కొట్లాడుకున్నా గంతన్న కెమెరా కింద పెట్టి, మధ్యకు వెళ్ళి విడదీసేది.

నీతి: ఒకరి బాధను వేడుకగా చూడకూడదు, చూపించకూడదు, చేతనైతే ఆపాలి.