నోటి కొలత

విశాఖపట్నంలో సముద్రాలు రెండు. ఒకటి బీచి రోడ్డుకు అవతల ఉంటుంది. రెండోది డాక్టరు పైడిరాజు గారి హాల్లో, సోఫాకి ఎదురుగా, మంచమంత గాజుపెట్టెలో ఉంటుంది. అందులో ఉప్పునీరు ఉంది, పగడపు రాళ్ళున్నాయి, వేళకు వెలిగి వేళకు ఆరే సూర్యుడున్నాడు. అలల్ని మోటారు పుట్టిస్తుంది. రోజూ రెండుపూటలా డాక్టరుగారు స్టూలెక్కి మూత తీసి తిండి వేస్తాడు కాబట్టి లోపలివాళ్ళు ఆయన్ని పైవాడు అంటారు.

ఆ పెట్టెలో ఎడమ మూల రాయి కింద ఒక ఇసుకచేప, ఒక ముసలి రొయ్య ఒకే బొరియలో ఉండేవారు. రొయ్యకు చూపు ఆనదు. కానీ తవ్వడంలో దాన్ని మించినవాడు లేడు. ఇసుకచేపకు తవ్వడం చేతకాదు, కళ్ళు మాత్రం సూదుల్లాంటివి. అందుకని వాళ్ళలో వాళ్ళకొక కట్టుబాటు. రొయ్యతాత తవ్వుతాడు, చేప గుమ్మంలో కాపలా కాస్తుంది. తాత బయటికి వచ్చినప్పుడల్లా మీసం ఒకటి చేప తోక మీద ఉంటుంది. కీడు కనపడితే చేప తోక ఆడిస్తుంది, తాత లోపలికి దూకుతాడు. చేప తోకను నమ్ముకునే ఆ ముసలి ప్రాణం నిలబడి ఉంది.

వాళ్ళకు పట్టిన శని నీలిచేప. అందరికంటే ముందు పెట్టెలోకి వచ్చింది తనేనని దాని మిడిసిపాటు. ఆ రోజు కూడా వచ్చి, తోకతో ఇసుక ఎగజిమ్మి బొరియ గుమ్మం పూడ్చేసింది.

"ఏరా, మళ్ళీ తవ్వించావా? ఈ రాయి నాదని ఎన్నిసార్లు చెప్పాలి?"

"తవ్వేవాడిదే బొరియ!" అంది ఇసుకచేప, మొప్పలు అదురుతుండగా.

"అలాగే, తవ్వుకోండి. పూడ్చేవాణ్ని నేనున్నానుగా."

నీలిచేప నవ్వుకుంటూ పోయింది. తాత మళ్ళీ తవ్వడం మొదలుపెట్టాడు. ఇసుకచేప మాత్రం ఆ పూట తిండి ముట్టలేదు. కోపంతోనే కడుపు నిండింది.

ఆదివారం పైవాడు కొత్తచేపను తెచ్చాడు. ఆ ఇంట కొత్తవాళ్ళను ఎకాఎకిన నీళ్ళలోకి వదలరు. చిల్లుల డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను పెట్టెలోనే మూడు రోజులు వేలాడదీస్తారు. లోపలివాళ్ళు డబ్బా మీద పడి గుద్దితే, కొత్తచేపకు చేపల కొట్టుకే తిరుగుటపా. పోయిన నెల ఒక పసుపుచేప అలాగే పోయింది. అంటే ఎవరుండాలో, ఎవరు పోవాలో తేల్చేది తామేనని అందరికీ తెలుసు.

ఈసారి వచ్చింది బొటనవేలంత చేప. ఒంటినిండా ఎర్రగీతలు, ఈకల్లాంటి రెక్కలు. కదలికలో తొందర లేదు, గొంతులో కరుకు లేదు. పెదవులు కదిలీ కదలకుండా మాట్లాడింది.

"అందరికీ దండాలు. నాకు రాయి వద్దు, మూల వద్దు. నీళ్ళలో తేలుతూ ఉంటాను. నీరు అందరిదీ కదా తమ్ముడూ?"

ఇసుకచేప ఒళ్ళు ఝల్లుమంది. ఇన్నాళ్ళూ తను ఒక్కటే గొంతు చించుకున్న మాట అది!

"నీరు అందరిదీ! రాయి అందరిదీ!" అని పెట్టెంతా తిరిగి చెప్పింది.

నీలిచేప డబ్బాను ఢీకొట్టి వెనక్కి తిరిగింది. "ఒరేయ్, నేను మంచివాణ్నని చెప్పను. కొడతాను, తరుముతాను, మీ గూళ్ళు పూడుస్తాను. ఇన్నాళ్ళలో ఒక్కణ్నయినా మింగానా? వాడి దవడ చూడండి. గొడుగులా మడిచి దాచుకున్నాడు!"

"విన్నారా?" అంది ఇసుకచేప. "పీడించేవాడు వణుకుతున్నాడంటే మనం గెలుస్తున్నట్టే!"

పక్కనే ఎర్రచారల రొయ్య ఒకటి నిలబడి వింటోంది. చేపల నోళ్ళలో దూరి పళ్ళు శుభ్రం చేయడం దాని పని. అందరికీ అత్త వరస.

"ఎన్నో నోళ్ళలో దూరి వచ్చినదాన్ని, అబ్బాయ్. తెరవని నోటి గురించి నేనేం చెప్పను? అయినా ఈ నీలిగాడి పీడ వదిలితే అదే చాలు."

ఇసుకచేప గుమ్మంలోకి రాగానే తాత మీసం దాని తోక మీద వేసి అడిగాడు. "ఒరే నాయనా, వాడి నోరు ఎంతుంది?"

"నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు తాతా. ఎంత మర్యాదగా మాట్లాడాడో విన్నావుగా?"

"విన్నాను. చెవులు నాకూ ఉన్నాయి. లేనివి కళ్ళు. నోరు ఎంతుంది?"

"మనలాంటి చిన్నవాడే. మనవాడే!"

"పుట్టినప్పుడు అందరూ చిన్నవాళ్ళేరా. మన నీళ్ళలో చట్టం ఒకటే. నోట్లో పట్టిందల్లా తిండి."

"ఆ చట్టం మార్చడానికేగా మనం ఉన్నది! నీ తరం భయపడే ఇక్కడిదాకా తెచ్చింది."

తాత గుమ్మంలో రాలిన ఇసుకను పక్కకు నెట్టాడు. "సరే," అన్నాడు చివరికి. "నీ కళ్ళే నా కళ్ళు. నువ్వు సరేనంటే సరే."

మూడో రోజు ఇసుకచేప చెప్పినట్టే ఒక్కరూ డబ్బా జోలికి పోలేదు. చుట్టూ చేరి చుట్టాల్లా నిలబడ్డారు. నీలిచేప ఒక్కటే తల పగిలేలా గుద్దింది.

గాజు అవతల పైవాడి భార్య రేవతమ్మ కాఫీ గ్లాసుతో నిలబడి చూసింది. "అందరూ బాగానే కలిశారండీ. ఆ నీలిదే రౌడీ. దాన్ని తీసేయండి."

వల దిగింది. నీలిచేప వలలో ఎగిరెగిరి పడుతూ అరిచింది. "నేను మీ గుమ్మాలు పూడ్చానర్రా! వాడు మిమ్మల్నే పూడుస్తాడు!"

డబ్బా తలుపు తెరుచుకుంది. ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నామని ఆ రోజు ఎవరూ అనుకోలేదు. రాళ్ళెక్కి గంతులేశారు. పూడ్చేవాడు లేని బొరియలో తాత తొలిసారి రెండో గది తవ్వాడు.

నెలలు గడిచాయి. ఈకలచేప పెరిగింది, అరచేతిని మించింది. ఆకుపచ్చ చిన్నచేపలు ఏడుండాలి, నాలుగే కనపడ్డాయి.

"మిగతావాళ్ళేరి అన్నా?" అంది ఇసుకచేప.

"స్వేచ్ఛ కోరి రాళ్ళ వెనక్కి వెళ్ళారు తమ్ముడూ. వెళ్ళేవాళ్ళను ఆపడం మన పద్ధతి కాదుగా?"

కాదు. ఆ మాటా తనదే. ఇసుకచేప వెళ్ళి అందరికీ అదే చెప్పింది. వారం తిరక్కుండా ఆ నాలుగూ స్వేచ్ఛ కోరుకున్నాయి.

ఒక ఉదయం ఈకలచేప ఎర్రచారల అత్తను పిలిచింది. "దవడ సలుపుతోంది, కాస్త చూస్తావా?"

"తెరువు నాయనా," అంటూ అత్త ముందుకు నడిచింది.

ఇసుకచేప గుమ్మంలోనే ఉంది. ఆ నోరు తెరుచుకోవడం మొదటిసారి చూసింది. మడతలు విప్పుకుని, గుమ్మమంతై, గదంతై, నీళ్ళను గుంజుకుంది. మూసుకునేసరికి అత్త లేదు. రెండు తెల్లటి మీసాలు పెదవుల మధ్య ఒక్క క్షణం ఆడి లోపలికి పోయాయి.

"అత్త త్యాగం వృథా కాదు," అంది ఈకలచేప మెత్తగా. బొరియ వైపు తిరిగింది.

తాత అప్పుడే ఇసుక మోపుతో బయటికి వస్తున్నాడు. మీసం తోక మీదే ఉంది. "ఏమిటిరా, నీళ్ళు కదిలాయి? ఏం కనపడుతోంది?"

తోక ఒక్కసారి ఆడిస్తే చాలు. కానీ తోక ఆడించాలంటే ముందు తనది తప్పని ఒప్పుకోవాలి. నీలిచేప నిజం చెప్పిందని ఒప్పుకోవాలి. ఆ ఏడుగురికీ, అత్తకూ తనే తలుపు తీశానని ఒప్పుకోవాలి. ఒప్పుకోవడానికి ఇసుకచేపకు ఒక్క రెప్పపాటు పట్టింది.

ఆ రెప్పపాటే ఈకలచేపకు కావలసింది. నీళ్ళు సర్రున లాగాయి. ఇసుకచేప తోక ఆడించింది, గట్టిగా, పిచ్చిపట్టినట్టు ఆడించింది. తోక మీద ఇంకా మీసం ఉంది. మీసానికి అవతల తాత లేడు.

ఇసుకచేప లోపలికి దూరి రెండో గదిలో నక్కింది. తవ్వేవాడు లేని బొరియ పైనుంచి ఇసుక రాలుతోంది. ఇవాళ ఎవరూ పూడ్చడం లేదు, అదే పూడుతోంది. గుమ్మం ముందు ఎర్రగీతల నీడ నిలబడింది.

గాజు అవతల నుంచి పైవాడి గొంతు వినిపించింది. "చూశావా రేవతీ, ఇప్పుడు ఒక్క గొడవైనా ఉందా? ఎంత ప్రశాంతంగా ఉందో!"

గుమ్మం ముందు నీడ కదల్లేదు. "నిదానంగా రా తమ్ముడూ," అంది. "తొందరేముంది? నీరు అందరిదీ."

నీతి: కొత్తవాడి మాటకు చప్పట్లు కొట్టేముందు వాడి నోరు కొలువు.