నగారా వినని సోములవ్వ

అనగనగా, మీరూ నేనూ నడిచి చేరలేనంత దూరాన మణిధార అనే సామ్రాజ్యం ఉండేది. దాని ఉత్తరపు అంచున మంచుకంబళి కొండలు. పేరుకు తగ్గట్టే ఏడాదికి పది నెలలు మంచు కప్పుకుని పడుకునేవి. వాటిలో ఏ గట్టు మనది, ఏ గట్టు పొరుగు రాజుది అన్నది ఎవరికీ తెగేది కాదు.

చక్రవర్తి ప్రచండవర్మ ఒక్క మాటలో తేల్చేశాడు. "కొండ కింది కోటలో రోజూ పొద్దున్నే నగారా మోగించండి. అది వినపడినంత మేరా నా రాజ్యం. వినపడనివాళ్లు నావాళ్లు కారు. కొండ దాటి పోవలసిందే!"

సభంతా చప్పట్లు కొట్టింది. సభలకు అదొక్కటే బాగా వచ్చు.

సరిహద్దు అధికారి కేతనయ్య కొండ మీది వాలుగూడేనికి వెళ్లాడు. మొదటి రోజు గాలి కోట వైపు నుంచి వీచింది. నగారా గూడెంలో అందరికీ వినపడింది. అవతలి లోయలో పొరుగు రాజు కాపలావాళ్లు కూడా ఉలిక్కిపడి లేచారట. "అయితే వాళ్లూ మనవాళ్లేనా?" అని కేతనయ్య బుర్ర గోక్కున్నాడు.

రెండో రోజు గాలి ఎదురు తిరిగింది. ఎవరికీ వినపడలేదు. కేతనయ్యకూ వినపడలేదు. "మరి నేనెవరి కొలువులో ఉన్నట్టు?" అని ఆయనకు గుబులు పట్టుకుంది.

మూడో రోజు గాలే లేదు. వాకిట్లో ఉన్న మొగుడికి వినపడింది, ఇంట్లో ఉన్న పెళ్లానికి వినపడలేదు. "దొరా, మేమిద్దరం ఒకే రాజ్యం వాళ్లమా, కాదా?" అని వాళ్లడిగితే ఆయన ఇద్దరి పేర్లూ రాసి, కొట్టేసి, మళ్లీ రాశాడు.

ఇంత అయోమయంలోనూ ఆయనకు ఒక్కటి తేటగా కనిపించింది. మూడు రోజుల్లో ఒక్కసారైనా నగారా విననిది సోములవ్వ ఒక్కతే. మేకలు కాచుకునే ఆ ముసలమ్మకు చిన్ననాడే జ్వరం వచ్చి వినికిడి పోయింది.

"అవ్వా, వారంలోగా కొండ దాటిపో" అని కేతనయ్య సైగ చేసి చెప్పాడు.

"ఈ గుడిసెలోనే పుట్టాను నాయనా. మీ నగారా నిన్నగాక మొన్న వచ్చింది" అంది అవ్వ. ఆయన తల దించుకున్నాడు గానీ మాట మార్చలేదు. పాపం, అవ్వ ఆ వారమంతా ఏడుస్తూనే మూట సర్దుకుంది.

కేతనయ్య రాసి పంపిన కబురు చక్రవర్తికి ముక్క అర్థం కాలేదు. విసుగెత్తి తానే కొండెక్కాడు. తెల్లవారేసరికి దట్టంగా పొగమంచు కమ్మింది. వెంట వచ్చినవాళ్లు ఎటు పోయారో తెలియదు. ఆయన కాలు జారి ఒక పల్లంలో పడ్డాడు, మడమ బెణికింది. నగారా వేళయింది. చెవులు రిక్కించాడు. ఏమీ వినపడలేదు.

"అయ్యో, నేను ఏ రాజ్యంలో ఉన్నాను? ఎవరైనా ఉన్నారా?" అని గొంతు చించుకుని అరిచాడు.

సరిగ్గా అప్పుడే సోములవ్వ మూటతో, మేకలతో కొండ దాటుతోంది. ఆమెకు కేక వినపడలేదు. కానీ మేకలన్నీ చెవులు నిక్కించి పల్లం వైపు చూశాయి. 'ఎవరో ఆపదలో ఉన్నారు' అనుకుని అవ్వ గబగబా దిగింది. ఆయనెవరో ఆమెకు తెలియదు. మడమకు గుడ్డ కట్టింది. ముంతలోని అంబలి తాగించింది.

తన మాటలు ఆమెకు వినపడడం లేదని గ్రహించి, మూటను చూపించి, ఎక్కడికని ఆయన సైగ చేశాడు.

"రాజుగారి నగారా నాకు వినపడదు నాయనా. అందుకని వెళ్లగొట్టారు. నీకు వినపడిందా?"

చక్రవర్తి అడ్డంగా తల ఊపాడు.

"అయితే నువ్వూ కొండ దాటాల్సిందే. లే, నన్ను పట్టుకుని నడువు" అంది అవ్వ జాలిగా.

చక్రవర్తికి సిగ్గుతో కళ్లు చెమర్చాయి. లేచి, అవ్వ మూటను తన భుజానికెత్తుకుని, కుంటుకుంటూ ఆమె వచ్చిన దారినే వెనక్కి, గుడిసె వైపు నడిచాడు. శాసనం ఆ పూటే రద్దయింది.

రాజు ఆజ్ఞ వినపడినంత మేర కాదు, రాజు చెవికి ప్రజల మొర వినపడినంత మేరే రాజ్యం.