రాళ్ళేరే పైడమ్మ కుండ

అనగనగా ఒక ఏటిగట్టు ఊళ్ళో, చేట తప్ప చుట్టం లేని మనిషి ఒకామె ఉండేది. పేరు పైడమ్మ. మూడిళ్ళలో బియ్యంలో రాళ్ళేరేది. కూలి, ఇంటికి రోజుకో పిడికెడు బియ్యం. చూడకుండానే ఏరేది. రాయి తగిలితే ఆమె వేలు ఆగిపోయేది.

ఒకనాడు ఒళ్ళు రుద్దుకుంటుంటే వేలు ఆగిపోయింది. ఎడమ రొమ్ములో గడ్డ. కందిగింజంత.

ఏటి అవతల గడ్డలు కోసే వైద్యుడున్నాడు. పడవకీ, మందుకీ, అక్కడున్నన్నాళ్ళు తిండికీ కుండెడు బియ్యం కావాలి.

మొదటింట్లో అడిగింది. "ఆ మాట నట్టింట్లో అంటావా? సిగ్గులేదూ!" అన్నారు. రెండో ఇంట్లో అడిగింది. "ఈ వయసులో నీకు రొమ్ముతో పనేటే?" అని నవ్వారు. మూడో ఇంట్లో గవరమ్మ, బొడ్లో తాళాలగుత్తి సర్దుకుని, "ఎవరికీ చెప్పకు, అదే పోతుంది" అంది.

పైడమ్మ ఇంకెవరికి చెబుతుంది? ఇంటికెళ్ళి చేటకి చెప్పుకుంది.

రోజుకి మూడు పిడికిళ్ళు. రెండు వండుకుంది, ఒకటి కుండలో వేసింది. మూడువందల అరవై పిడికిళ్ళకి కుండ నిండింది. ఈలోగా కందిగింజ శనగగింజయింది, శనగగింజ ఉసిరికాయయింది.

కుండతో ఏరు దాటి వెళితే, వైద్యుడు చూసి తల వంచుకున్నాడు. "గింజగా ఉన్నప్పుడే రావలసింది తల్లీ." కుండ ముట్టుకోలేదు.

తిరుగు పడవలో కుండని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఏమన్నాడని అడిగేందుకు పక్కన ఎవరూ లేరు.

మర్నాడు గవరమ్మ ఇంట్లో ఏరుతుంటే, కోడలు అప్పలనర్స వచ్చి పక్కన కూలబడింది.

"పైడత్తా, నువ్వు మా అత్తకి చెప్పిన రోజు తలుపు చాటునుంచి విన్నాను. ఇప్పుడు నాకూ ఉంది."

"ఎంత?"

"కందిగింజంత. తాళాలన్నీ మా అత్త దగ్గరే. నా చేతిలో గవ్వ లేదు."

పైడమ్మ వేలు చేటలో ఆగిపోయింది.

"నా కుండ పట్టుకెళ్ళు. పుట్టింటికని చెప్పి ఏరు దాటు."

"మరి నీకో?"

"నాకు రోజూ రెండు పిడికిళ్ళు చాలుతున్నాయి కదే పిచ్చిదానా!"

మూడు నెలలకి అప్పలనర్స తిరిగొచ్చింది, ఒక రొమ్ముతో, నిండు ప్రాణంతో. నేరుగా పైడమ్మ గుడిసెకెళ్ళి తడిక తీసింది. గోడకి చేట. నేల మీద కుండ ఉండే చోట గుండ్రటి మచ్చ. మనిషి లేదు.

అప్పలనర్స ఆ మచ్చ మీదే, తను తిరిగి తెచ్చిన ఖాళీ కుండ పెట్టింది. ఒక పిడికెడు వేసింది.

ఇప్పటికీ ఆ వైపు ఆడవాళ్ళు బియ్యం ఏరేముందు ఆ కుండకని పిడికెడు తీస్తారు. నెలకోసారి తలంటుకున్నప్పుడు, "వేలు ఆగిందా?" అని ఒకరినొకరు అడుగుతారు. ఆగితే, ఆ రోజే పడవ. వెళ్ళేటప్పుడూ, వచ్చేటప్పుడూ, పక్కన ఇంకొకామె కూర్చుంటుంది.