పుట్టమన్ను గంట

అనగనగా, నదుల మీద వంతెనలు ఇంకా పుట్టని రోజుల్లో, ఒక రేవు ఊరు ఉండేది. ఈ ఒడ్డున ఊరు, ఆ ఒడ్డున సంత, నడుమ పెద్ద ఏరు. ఏటి మధ్యలో నల్లని బండలు. పుష్యమాసం వచ్చిందంటే నీళ్ళ మీద మంచు దట్టంగా దిగేది. అప్పుడు రేవులో వేలాడే కంచుగంటను మోగించేవారు. మోత వినబడే దిక్కుకు పడవ తిప్పుకుంటే బండలు తప్పేవి, ఒడ్డు దొరికేది.

ఒక ఏడు ఆ గంట పగిలిపోయింది. పాతదై పగిలింది, ఎవరి తప్పూ లేదు. కొత్త గంట పోత పోయవలసినవాడు కంచరి సిద్దాచారి.

సిద్దాచారి కంచు పనిలో దిట్ట. కానీ పాములంటే అతనికి హడల్. ఎంత హడల్ అంటే, అతని పెరట్లో పొట్లపాదు పెట్టడానికి వీల్లేదు. ఒకసారి పందిరి నుంచి వేలాడే పొట్లకాయను చూసి, గోడ దూకి, పక్కింటివాళ్ళ కుడితి తొట్టిలో పడ్డాడు. అతని భార్య కాళాంబకు పొట్లకాయ కూర మహా ఇష్టం. పాపం, పుట్టింటికి వెళ్ళినప్పుడే తిని వచ్చేది.

నవ్వకండి పిల్లలూ. భయపడేవాడి గుండె ఎలా కొట్టుకుంటుందో వాడికే తెలుస్తుంది.

గంటకూ పాముకూ ఏమిటి సంబంధం అంటారా? చెబుతాను. ముందు మైనంతో గంట చేస్తారు. దాని మీద మన్ను మెత్తి కాలుస్తారు. మైనం కరిగి కారిపోతుంది. ఆ ఖాళీలో కరిగిన కంచు పోస్తారు. ఆ మన్ను పుట్టమన్నే కావాలి. చెదపురుగులు కట్టిన మన్ను పిండిలా మెత్తన, నిప్పుకు మాత్రం బెదరదు. పుట్ట అంటేనేమో పాము కాపురం. పైగా కంచరుల ఇళ్ళలో ఒక కట్టుబాటు ఉంది. కంచు పోసే చేయే పుట్ట తవ్వాలి. ఇన్నేళ్ళూ సిద్దాచారి తండ్రి తవ్వాడు, తండ్రే పోశాడు. ఇప్పుడు ఆయన లేడు.

"మన్ను మన్నే కదా!" అనుకున్నాడు సిద్దాచారి. చెరువు రేగడి తెచ్చి గంట మీద మెత్తాడు. కొలిమిలో పెట్టగానే రేగడి నెర్రెలిచ్చింది. పోసిన కంచంతా నేలపాలైంది.

"ఏమైందయ్యా?" అని ఊరు అడిగింది.

"ముహూర్తం కుదరలేదు" అన్నాడు సిద్దాచారి.

రెండోసారి ఒక కూలివాణ్ణి పుట్ట దగ్గరికి పంపాడు. ఏ మన్ను కావాలో వాడికేం తెలుసు? పై పైన గీకి, వేళ్ళూ గడ్డీ కలిసిన మన్ను గంపకెత్తుకొచ్చాడు. గంట తయారైంది గానీ ఒళ్ళంతా చిల్లులే. కొడితే పగిలిన కుండ మోత. ఆ మోత రేవు దాటి పదడుగులు పోలేదు.

"ఏమైందయ్యా?"

"కంచులో తగరం మంచిది కాదు" అన్నాడు సిద్దాచారి. ఆ మాట అంటూ భార్య ముఖం చూడలేకపోయాడు. ఆవిడకు అంతా తెలుసు. తెలిసీ నలుగురిలో భర్తను చిన్నబుచ్చలేదు.

అంతలో పుష్యమాసం వచ్చింది. మొదటి మంచు పడిన పొద్దున పడవ పోలయ్య తడిసి ముద్దై సిద్దాచారి వాకిట్లో నిలబడ్డాడు.

"ఆచారిగారూ, పడవ బండకు కొట్టుకుంది. ఎటు ఒడ్డో, ఎటు ఏరో తెలీలేదు. చెక్కలు పట్టుకుని అందరం బయటపడ్డాం. ఈసారికి బతికాం. రేపటి సంగతేమిటి బాబూ?"

సిద్దాచారి గుండెల్లో రాయి పడింది. ఇంక అబద్ధం ఆడలేకపోయాడు.

"పోలయ్యా, ముహూర్తమూ కాదు, తగరమూ కాదు. నాకు పామంటే భయం. పుట్ట దగ్గరికి వెళ్ళలేక మీ అందరి ప్రాణాల మీదికి తెచ్చాను."

పోలయ్య నవ్వలేదు, కోప్పడలేదు. అరుగు మీద కూలబడి, "నాకు ఏరంటే భయం. మా అయ్య ఈ ఏట్లోనే పోయాడు" అన్నాడు.

"మరి రోజూ పడవెలా వేస్తావయ్యా?"

"ఆ భయమూ నాతోపాటే ఎక్కుతుంది బాబూ. ఓ పక్కన కూర్చుంటుంది. కూర్చోనీ అంటాను. తెడ్డు మాత్రం దాని చేతికియ్యను."

సిద్దాచారి లేచాడు. గునపం, గంప, పొడుగాటి కర్ర తీసుకున్నాడు.

"ఏమండీ, నేనూ రానా?" అంది కాళాంబ.

"వద్దు. నువ్వొస్తే నిన్ను పుట్ట దగ్గరికి పంపి నేను ఏ చెట్టు దగ్గరో ఆగిపోతాను. నా సంగతి నాకు తెలుసు!" అన్నాడు.

అప్పటికి మంచు విడిచి ఎండ వచ్చింది. ఊరి బయట చేను గట్టు దగ్గర అతని కాళ్ళు ఆగిపోయాయి. ఒంటి నిండా చెమట. "మన్ను తేవాలి" అని పైకే అనుకున్నాడు. నడిచాడు.

తుమ్మ తోపులో కుబుసం కనబడింది. పై ప్రాణాలు పైనే పోయాయి. వెనక్కి తిరిగి కాసేపు పరుగెత్తాడు కూడా. మళ్ళీ నిలబడ్డాడు. "మన్ను తేవాలి" అన్నాడు. కర్రతో నేల తడుతూ, కుబుసం పక్కనుంచి నడిచాడు.

పుట్ట ముందు ఎండ కాచుకుంటూ నల్లటి నాగు పడుకుని ఉంది. అది తల ఎత్తింది. సిద్దాచారి కర్రను బిగించి పట్టుకున్నాడు. అడుగు మాత్రం వెనక్కి వేయలేదు.

"ఎవరది? నేల ఇంతగా అదురుతోంది, ఏనుగు వస్తోందా?" అంది పాము.

"కాదు, అవి నా మోకాళ్ళు" అన్నాడు సిద్దాచారి.

పాము అతని వైపు తేరిపార చూసింది. "గునపం తెచ్చావు. నన్ను చంపడానికేనా?"

"నిన్ను చంపే ధైర్యం నాకు లేదు. ఉన్నా చంపను. నాకు గంపెడు మన్ను కావాలి. మా పడవలు మంచులో మునిగిపోతున్నాయి."

"చిత్రంగా ఉంది! మనిషి అడుగు వినబడితే చాలు, నేను లోపలికి దూరి వణుకుతాను. నువ్వేమో నన్ను చూసి వణుకుతున్నావా?"

"వణుకుతూనే వచ్చాను" అన్నాడు సిద్దాచారి.

"అయితే విను. ఈ పుట్ట నేను కట్టింది కాదు, వద్దనడానికి నాకు హక్కు లేదు. తూర్పు పక్క తవ్వుకో. పడమటి కన్నం నాది, దాని జోలికి రాకు. ఎప్పుడు వచ్చినా ఇలాగే కర్రతో చప్పుడు చేసి రా, నేను తప్పుకుంటాను. నా మీద మాత్రం కాలు వేయకు. నా కోరల్లో విషం ఉన్న మాట నిజమే." అలా చెప్పి కన్నంలోకి జారిపోయింది.

సిద్దాచారి తవ్వాడు. పడమటి కన్నం మీద ఒక కన్ను వేసి ఉంచి మరీ తవ్వాడు. పై పొర తీసేశాడు. లోపలి మన్ను వేళ్ళ మధ్య నలిపి చూశాడు. వెన్నలా నలిగింది. ఏ మన్ను పనికొస్తుందో పోసేవాడి వేళ్ళకే తెలుస్తుంది. పోసే చేయే తవ్వాలని పెద్దలు ఎందుకన్నారో అతనికి అప్పుడు అర్థమైంది.

ఆ మన్నులో ఊకా పేడా కలిపి పిసికి, మైనపు గంట మీద మెత్తాడు. కొలిమిలో అచ్చు చెక్కు చెదరలేదు. కంచు నిండుగా దిగింది.

గంటను రేవులో వేలాడదీసిన మర్నాడే మళ్ళీ మంచు కురిసింది. సంత నుంచి జనంతో వస్తున్న పోలయ్య కొత్త పడవ ఎక్కడుందో ఎవరికీ కనబడలేదు. రేవులో ఆడవాళ్ళు కొంగులు నోటికడ్డం పెట్టుకుని నిలబడ్డారు. సిద్దాచారి తానే గంట తాడు లాగాడు.

ఖంగుమంది గంట. ఆ మోత ఏరంతా పరుచుకుని అవతలి ఒడ్డును తాకింది. లాగుతూనే ఉన్నాడు. అరచేతులు ఎర్రగా కమిలాయి. చివరికి తెల్లటి మంచులోంచి ముందు తెడ్డు చప్పుడు వినబడింది, తర్వాత పడవ ముక్కు కనబడింది, తర్వాత పోలయ్య కేక.

"వస్తున్నాం ఆచారిగారూ! అందరం ఉన్నాం!"

సిద్దాచారి తాడు వదిలి, అక్కడే కూర్చుని, చంటిపిల్లాడిలా ఏడ్చాడు. ఆ మర్నాటి నుంచి అతనికి పామంటే భయం పోయిందా అంటే, పోలేదు. కానీ ఆ తర్వాత ఆ రేవుకు ఎన్ని గంటలు కావలసి వచ్చినా, పుట్ట తవ్వింది సిద్దాచారే.

కాబట్టి పిల్లలూ, భయం పోయాక పని చేద్దామని కూర్చుంటే పనీ జరగదు, భయమూ పోదు. ఒళ్ళు దగ్గర పెట్టుకుని, భయపడుతూనే అయినా, మంచి పనికి ముందడుగు వేయాలి.